దుకాణం ముందు దొంగ రద్దీ: డీడాస్ దాడులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆన్‌లైన్ వ్యాపారాల శీర్షికకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి చాలావాటిది ఒకటే బాధ. పండగ ముందు సైట్ పడిపోతోంది, ఎవరో కావాలని చేస్తున్నారు, ఏం చేయాలి? ఎన్నో యంత్రాల నుంచి ఒకేసారి దొంగ రద్దీ పంపి, సైట్‌ను కొనేవాళ్లకు అందకుండా చేయడాన్ని డీడాస్ దాడి అంటారు. ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చాం. రాసినవాళ్ల పేర్లు, సైట్ల పేర్లు వేయలేదు. దాడి చేసేవాళ్లూ పత్రికలు చదువుతారు.

ప్రశ్న – పలాస: మాది జీడిపప్పు వ్యాపారం. వర్డ్‌ప్రెస్, వూకామర్స్‌తో సొంత సైట్ పెట్టుకుని షేర్డ్ హోస్టింగ్‌లో నడుపుతున్నాం. దసరా ముందు వారంలో నాలుగుసార్లు సైట్ తెరుచుకోలేదు, 508 అని చూపించింది. హోస్టింగ్ వాళ్లు ‘డీడాస్ ఎటాక్ అండి, పెద్ద ప్లాన్ తీసుకోండి’ అన్నారు. నిజంగా దాడేనా? పెద్ద ప్లాన్‌తో ఆగుతుందా? సైట్‌కు ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదయ్యే లాగ్ ఫైలు జత చేశాం.

జవాబు: దాడే. అయితే పెద్ద ప్లాన్ దానికి మందు కాదు. ఎందుకో మీరు పంపిన లాగ్‌లోనే ఉంది.

ముందు 508 సంగతి. మీ ఖాతాకు ఇచ్చిన కోటా దాటిపోయిందని మాత్రమే ఆ అంకె చెబుతుంది, ఎవరు దాటించారో చెప్పదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు నడుస్తుంటాయి. ఒకరి రద్దీ పక్కవాళ్ల నెత్తిన పడకుండా ప్రతి ఖాతాకూ కోటా పెడతారు. ఒకే సమయంలో ఎన్ని పేజీలు తయారవ్వచ్చు అన్నదాన్ని హోస్టింగ్ ఖాతాను నడిపే సీప్యానెల్ పేజీలో ‘ఎంట్రీ ప్రాసెసెస్’ పేరుతో చూపిస్తారు. మీ ప్లాన్‌లో అది 20. మీ దుకాణంలో తూకం వేసేవాళ్లు 20 మంది ఉన్నారు, 21వ మనిషిని గుమ్మం బయటే నిలబెట్టేస్తారు అనుకోండి.

ఇప్పుడు లాగ్ తీసి రాత్రి 9 గంటల 12 నిమిషాల దగ్గర చూడండి. ఒక్క సెకనులో 40 వరుసలున్నాయి. అన్నీ సెర్చ్ పేజీకే. వెతికిన మాటలు ‘క్యూఎక్స్7జెడ్’, ‘ఎంకే4వీ’, ‘టీ9ఆర్ఎల్’. జీడిపప్పు కొనేవాళ్లు ‘డబ్ల్యూ 240’ అనో ‘బద్దలు’ అనో ‘కిలో రేటు’ అనో వెతుకుతారు గానీ ఇలాంటి అక్షరాల ముక్కలు వెతకరు. పైగా అన్ని వేల వరుసల్లో ఒక్క మాట కూడా రెండోసారి రాలేదు. కిటుకంతా అక్కడే ఉంది. ఒకసారి తయారైన పేజీని మీ క్యాషింగ్ ప్లగిన్ దాచి ఉంచుతుంది. అదే పేజీ మళ్లీ అడిగితే డేటాబేస్ జోలికి పోకుండా చేతికిచ్చేస్తుంది. ఎప్పటికప్పుడు కొత్త మాట అడిగితే మాత్రం ప్రతిసారీ డేటాబేస్ దాకా వెళ్లక తప్పదు. దాడి చేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు.

లెక్క కట్టండి. మీ సెర్చ్ పేజీ తయారవడానికి 2 సెకన్లు పడుతోంది. 20 మంది పనివాళ్లు, ఒక్కో పేజీకి 2 సెకన్లు, అంటే సెకనుకు 10 పేజీలు మీ శక్తి. వస్తున్నవి 40. రెట్టింపు కోటా ఉన్న ప్లాన్ కొంటే మీ శక్తి 20 అవుతుంది. అవతలివాడు 40ని 100 చేయడానికి ఒక అంకె మార్చుకుంటే చాలు. మీ ఖర్చు నెలనెలా పెరుగుతుంది, వాడి ఖర్చు పెరగదు. ఆ 40 వరుసలూ వేర్వేరు ఐపీ అడ్రసుల (నెట్‌లో యంత్రాలకు ఉండే అంకెల చిరునామాల) నుంచి వచ్చాయి కాబట్టి ఒక్కొక్కటీ పట్టుకుని బ్లాక్ చేస్తూ కూర్చున్నా లాభం లేదు. డీడాస్‌లో మొదటి ‘డీ’ అర్థం అదే: దాడి ఒకచోటి నుంచి కాకుండా లోకమంతా చెదిరిన యంత్రాల నుంచి వస్తుంది.

మీరు చేయాల్సినవి ఇవీ. వచ్చే రద్దీని ముందు తానే అందుకుని వడపోసే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కవచం సేవను సైట్ ముందు పెట్టండి. ఆ సంస్థ 2017 నుంచి ఉచిత ప్లాన్‌లో కూడా డీడాస్ రక్షణను పరిమాణం హద్దు లేకుండా ఇస్తోంది. అందులో ఒక నియమం రాయండి: అడ్రసులో ప్రశ్నార్థకం, దాని పక్కన సెర్చ్‌కు వాడే ‘ఎస్’ అక్షరం ఉంటే, ముందు వచ్చినది మనిషో కాదో పరీక్షించి తర్వాతే లోపలికి పంపాలి. మీ దగ్గర ఉన్న సరుకు పాతిక రకాలకు మించదు. అన్నీ ఒకే పేజీలో పెట్టేసి సెర్చ్ పెట్టెను పూర్తిగా తీసేసినా అమ్మకాలకు నష్టం ఉండదు, మేమైతే అదే చేయమంటాం. బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడటానికి ఉన్న ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ ఫైలును మూసేయండి. జెట్‌ప్యాక్ ప్లగిన్, వర్డ్‌ప్రెస్ మొబైల్ యాప్ వాడనివాళ్లకు దాంతో పనిలేదు, దాడి చేసేవాళ్లకు మాత్రం అది ఎప్పుడూ తెరిచి ఉన్న పెరటి తలుపు. కవచం సేవలోని ‘అండర్ ఎటాక్ మోడ్’ అనే మీట దాడి సమయంలో మాత్రమే నొక్కండి. వచ్చిన ప్రతివారినీ దాదాపు 5 సెకన్లు ఆపి పరీక్షిస్తుంది కాబట్టి, పాత ఫోన్లు వాడే కొనుగోలుదారులు కొందరు విసిగి వెళ్లిపోతారు.

ఇదే 508 చూసే మిగతావాళ్లకు ఒక మాట. అందరిదీ దాడి కాకపోవచ్చు. మీ రీల్ ఏదో బాగా తిరిగి జనం నిజంగా వచ్చి ఉంటే, లాగ్‌లో హోమ్ పేజీ, సరుకు పేజీ, బొమ్మలు, కార్ట్ వరుసగా కనిపిస్తాయి, ఆర్డర్లు కూడా పెరుగుతాయి. మూడో రకం బాట్లు, అంటే తమంతట తామే సైట్లు తిరగేసే సెర్చ్ ఇంజిన్ల, ఏఐ సంస్థల ప్రోగ్రాములు. గ్రేడు, బరువు, ధర, వరుస క్రమం అని ఫిల్టర్లు పెడితే ప్రతి కలయికా వాటికి ఒక కొత్త పేజీయే. నాలుగు గ్రేడులు, నాలుగు బరువులు, ఐదు వరుస క్రమాలు కలిస్తేనే 80 అడ్రసులు. బాట్లు అన్నింటినీ తిరగేస్తాయి. అవి చాలావరకు తమ పేరు చెప్పుకునే వస్తాయి కాబట్టి లాగ్‌లో వచ్చినదెవరో చెప్పే యూజర్ ఏజెంట్ గడిలో పేరు చూసి ఆపేయొచ్చు.

సీప్యానెల్‌లో ‘రా యాక్సెస్’ పేజీకి వెళ్లి, లాగ్‌లను భద్రపరచాలన్న గడిలో టిక్కు పెట్టండి, పాత నెల లాగ్‌లు చెరిపేయాలన్న గడిలో టిక్కు తీసేయండి. చాలా ఖాతాల్లో ఈ పని జరగక, దాడి జరిగిన మర్నాటికి చూపించడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న – విజయనగరం: భీమాలి మామిడి తాండ్ర, ఆవకాయ ఆన్‌లైన్‌లో అమ్ముతాం. వీపీఎస్ (మాకే కేటాయించిన సర్వర్ భాగం) తీసుకున్నాం, అక్కర్లేని రద్దీని ఆపే ఫైర్‌వాల్ పెట్టించాం, మీరు చెప్పే కవచం సేవ కూడా ముందు పెట్టాం. అయినా పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో సైట్ ఒక రోజంతా లేదు. సర్వర్ ఇచ్చినవాళ్లు మా ఐపీని ‘నల్ రూట్’ చేశామన్నారు. కవచం ఉండగా దాడి లోపలికి ఎలా వచ్చింది?

జవాబు: కవచం వీధి గుమ్మానికి పెట్టారు. వాళ్లకు మీ ఇంటి అసలు చిరునామా తెలిసిపోయి నేరుగా అక్కడికే వచ్చారు.

కవచం సేవ పెట్టాక లోకానికి కనిపించాల్సింది దాని ఐపీ మాత్రమే. మీ సర్వర్ అసలు ఐపీ ఎవరికైనా తెలిస్తే కవచాన్ని చుట్టి వచ్చేస్తారు. సైట్ పేరుకు ఏ ఐపీయో చెప్పే మీ డీఎన్‌ఎస్ రికార్డులు, మీ ఈమెయిళ్లు చూస్తే మూడుచోట్ల ఆ ఐపీ బయటపడి ఉంది. ఒకటి, మెయిల్ కూడా అదే సర్వర్‌లో ఉండటంతో మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు దాని చిరునామానే చూపిస్తోంది. రెండు, ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ, సీప్యానెల్ పేర్లు సైట్ పేరు ముందు తగిలించిన పాత సబ్‌డొమైన్లు కవచం బయటే ఉండిపోయాయి. మూడు, కొన్నవాళ్లకు వెళ్లే ‘మీ ఆర్డర్ అందింది’ ఈమెయిల్ మీ సర్వరే పంపుతోంది, ఏ దారిన వచ్చిందో రాసి ఉండే ఆ ఈమెయిల్ హెడర్‌లో ఐపీ ఉంటుంది. 250 గ్రాముల తాండ్ర ఆర్డరిస్తే చాలు, మీ అసలు చిరునామా చేతికొస్తుంది. ఇక కవచం పెట్టకముందు వాడిన ఐపీ అయితే, పాత డీఎన్‌ఎస్ రికార్డులు దాచి ఉంచే సైట్లలో ఎప్పటికీ దొరుకుతూనే ఉంటుంది.

ఫైర్‌వాల్ ఎందుకు కాపాడలేదంటే, మీ వీపీఎస్‌కు ఉన్న నెట్ గొట్టం సెకనుకు 1 గిగాబిట్. అంతకు మించి డేటా వచ్చి పడితే గొట్టమే నిండిపోతుంది. ఫైర్‌వాల్ ఉన్నది గొట్టం ఈ చివర. నాగావళికి వరదొచ్చి వీధంతా మునిగాక గుమ్మం దగ్గర ఇసుక బస్తా వేస్తే ఇంట్లోకి నీళ్లు రాకపోవచ్చు, కానీ దుకాణానికి జనం ఎలా వస్తారు? అంత నీళ్లు ఎక్కడివన్నదీ తెలుసుకోండి. ఎవరో మీ చిరునామా రాసి వేరేవాళ్లకు వెయ్యి రిప్లై కార్డులు పంపితే, జవాబులన్నీ మీ ఇంటికే వస్తాయి కదా. ఇంటర్నెట్‌లో అలా జరిగేదాన్ని యాంప్లిఫికేషన్ దాడి అంటారు. అడిగేది చిన్న ప్రశ్న, వచ్చేది పెద్ద జవాబు. మెమ్‌క్యాష్‌డ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ 15 బైట్ల ప్రశ్నకు 750 కిలోబైట్ల జవాబు ఇచ్చిన సందర్భాలున్నాయి, అంటే 50 వేల రెట్లు. 2018 ఫిబ్రవరి 28న ప్రోగ్రాం కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ మీద ఆ పద్ధతిలోనే సెకనుకు 1.35 టెరాబిట్లు వచ్చి పడ్డాయి. గిట్‌హబ్ వాళ్లు తమ గుమ్మం దగ్గర కొట్లాటకు దిగలేదు. వస్తున్న ట్రాఫిక్ మొత్తాన్ని వడపోత సంస్థ వైపు మళ్లించారు. అంతరాయం పది నిమిషాల్లో సర్దుకుంది.

నల్ రూట్ అంటే మీ ఐపీకి వచ్చే ప్రతి బైటునూ, దొంగదైనా దొరదైనా, దారిలోనే పారేయడం. పక్క సైట్లను కాపాడటానికి హోస్టింగ్ వాళ్లు చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ దాడి చేసినవాడికి కావలసింది కూడా సరిగ్గా అదే.

ఇప్పుడు చేయాల్సిన పని. వరుస తప్పకండి, తప్పితే చేసినదంతా వృథా. ముందు మెయిల్‌ను వేరే మెయిల్ సేవకు మార్చండి. ఆర్డర్ ఈమెయిళ్లను కూడా బయటి ఈమెయిల్ సేవ ద్వారా పంపండి. ఎఫ్‌టీపీ, సీప్యానెల్ సబ్‌డొమైన్లు తీసేయండి. ఇవన్నీ అయ్యాకే హోస్టింగ్ వాళ్లను కొత్త ఐపీ అడగండి. ముందే అడిగితే పాత చిల్లుల్లోంచి కొత్త ఐపీ కూడా కారిపోతుంది. కొత్త ఐపీ వచ్చిన రోజే ఫైర్‌వాల్‌లో వెబ్‌సైట్ రద్దీ వచ్చే 80, 443 పోర్టులకు (సర్వర్ తలుపులకు) కవచం సేవ ప్రచురించే ఐపీ శ్రేణులను మాత్రమే అనుమతించండి. సర్వర్‌లోకి లాగిన్ అయ్యే 22వ పోర్టు మీ ఆఫీసు ఐపీకి మాత్రమే తెరిచి ఉండాలి. కవచం సేవలో, డేటాను గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌ఎల్ అమరికను ‘ఫుల్ స్ట్రిక్ట్’లో పెట్టండి. ‘ఫ్లెక్సిబుల్’లో వదిలేస్తే సర్వర్ ఒకవైపు, కవచం ఒకవైపు లాగి పేజీ తనలో తానే తిరుగుతూ తెరుచుకోదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కవచం పెట్టాక సర్వర్ కంటికి కొనుగోలుదారులంతా కవచం ఐపీ నుంచే వస్తున్నట్టు కనిపిస్తారు. మీ సెక్యూరిటీ ప్లగిన్ ‘ఒకే ఐపీ నుంచి ఇన్ని వేల హిట్లా!’ అని దాన్ని బ్లాక్ చేస్తుంది. దాంతో దాడి లేకుండానే సైట్ అందరికీ మూతపడుతుంది. కవచం పంపే హెడర్‌లో అసలు మనిషి ఐపీ ఉంటుంది. దాన్ని చదివేలా వెబ్ సర్వర్‌ను అమర్చాకే బ్లాక్ చేసే ప్లగిన్లు వాడండి.

ప్రశ్న – పొందూరు: ఖద్దరు చీరలు, పంచెలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. మూడు రోజుల్లో అర బిట్‌కాయిన్ కట్టకపోతే సైట్ కూల్చేస్తామని ఇంగ్లీషులో ఈమెయిల్ వచ్చింది. ఇంట్లో అందరం భయపడిపోయాం. కట్టేస్తే పోతుందేమోనని ఒకరంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కట్టకండి. జవాబు కూడా రాయకండి. జవాబు రాస్తే ఈ అడ్రసులో మనిషున్నాడు, భయపడ్డాడు అని వాళ్లకు తెలుస్తుంది.

ఇలాంటి ఉత్తరాల్లో చాలావాటి వెనక దాడి చేసే బలమే ఉండదు. 2016లో ‘ఆర్మడా కలెక్టివ్’ పేరు వాడుకుని ఎందరో వ్యాపారులకు ఇవే మాటలతో ఈమెయిళ్లు వెళ్లాయి. కొందరు కట్టారు. కట్టనివాళ్ల మీద దాడి జరిగిన దాఖలా లేదని క్లౌడ్‌ఫ్లేర్ అప్పుడు బయటపెట్టింది. అందరికీ ఒకే బిట్‌కాయిన్ అడ్రసు ఇచ్చారట. అలాంటప్పుడు ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో పంపినవాళ్లకే తెలియదు. నిజంగా బలం ఉన్నవాళ్లు సాధారణంగా పది, పదిహేను నిమిషాలు దాడి చేసి చూపిస్తారు. మీ సైట్ అలా ఆగి ఉంటే ఆ సమయం నిమిషాలతో సహా రాసిపెట్టుకోండి.

ఈమెయిల్‌ను ఫార్వర్డ్ చేయకండి, పూర్తి హెడర్లతో ఫైలుగా దాచండి. ఫార్వర్డ్ చేస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందన్న సమాచారం పోతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, దాని ప్రతితో జిల్లా సైబర్ క్రైమ్ పోలీసులను కలవండి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయినవారి కోసం. మీరింకా పోగొట్టుకోలేదు కాబట్టి పోర్టల్ దారే నయం. సైట్‌ను జనానికి అందకుండా చేయడం ఐటీ చట్టం సెక్షన్ 43 కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 308. దాడి నిజంగా జరిగితే, తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు సంస్థలకు చెబుతున్నాయి. మీ హోస్టింగ్ వాళ్లకు ఈ ఆదేశాలు గుర్తుచేస్తే లాగ్‌లు ఇవ్వడానికి నసగరు.

చేతిలో మూడు రోజులున్నాయి. పైన విజయనగరం వారికి చెప్పిన పనులన్నీ ఒక రోజులో అయిపోతాయి. డొమైన్ రిజిస్ట్రార్ దగ్గర నేమ్ సర్వర్లు మారడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది, కాబట్టి ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. భయపడి చేతులు ముడుచుకుంటే ఆ గంటలు తిరిగి రావు.

ప్రశ్న – శ్రీకాకుళం: జీటీ రోడ్డులో బట్టల దుకాణం. రాత్రయితే నెట్ నత్తలా నడుస్తోంది. నెట్ కనెక్షన్ వాళ్లు మీ లైను నుంచే బయటికి దాడి ట్రాఫిక్ పోతోందంటున్నారు. మాకు కంప్యూటరే ఒకటి, అదీ రాత్రి కట్టేసి ఉంటుంది. ఎనిమిది సీసీ కెమెరాలు, వాటిని రికార్డు చేసే ఒక డీవీఆర్ ఉన్నాయి. ఫోన్‌లో చూసుకోవడానికి కెమెరాలు బిగించినవాళ్లే ఏదో అమర్చి వెళ్లారు.

జవాబు: డీవీఆర్‌ను అనుమానించండి. అది కూడా కంప్యూటరే, రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) సరిగ్గా ఇలాంటి పెట్టెలనే పట్టుకుంది. ఇంటర్నెట్ అంతా గాలిస్తూ, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్ల తలుపు తట్టేది. దాని దగ్గర ఉన్నది 60కి పైబడిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా మాత్రమే. ‘అడ్మిన్, అడ్మిన్’ లాంటివి. ఆ జాబితాతోనే లక్షల పెట్టెలు దాని చేతికి చిక్కాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీదికి అలాంటి సైన్యాన్ని తోలితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ తయారుచేసింది ముగ్గురు కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీ దగ్గర మొదలైన పని అది. 2017లో నేరం ఒప్పుకున్నారు. వాళ్లు బయటపెట్టిన కోడ్ మాత్రం రకరకాల రూపాల్లో ఇప్పటికీ తిరుగుతోంది.

మీ డీవీఆర్ ఒక్కటీ బయటికి పంపేది 2 మెగాబిట్లే అనుకోండి. అలాంటివి 500 కలిస్తే 1 గిగాబిట్. పైన విజయనగరం వారి గొట్టం నిండిపోవడానికి అది చాలు.

డీవీఆర్ నుంచి నెట్ కేబుల్ పీకండి. అప్పుడు కరెంటు ఆపి ఒక నిమిషం తర్వాత వేయండి. మిరాయ్ తరహా మాల్‌వేర్ చాలావరకు మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. కానీ పాత పాస్‌వర్డ్‌తోనే కేబుల్ మళ్లీ గుచ్చితే నిమిషాల్లో తిరిగొస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, కరెంటు ఆపి మళ్లీ వేశాం కదా అనుకుంటారు. కేబుల్ లేకుండానే, డీవీఆర్‌కు తగిలించిన మానిటర్, మౌస్‌తో పాస్‌వర్డ్ మార్చండి. అడ్మిన్ కాక గెస్ట్ లాంటి ఖాతాలుంటే తీసేయండి. తర్వాత రౌటర్ పేజీలోకి వెళ్లి బయటి నుంచి నేరుగా డీవీఆర్ దాకా దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా చూడండి. ‘ఏదో అమర్చారు’ అన్నది అదే. 23, 80, 554, 8000, 37777 లాంటి అంకెలు కనిపిస్తే తొలగించండి. యూపీఎన్‌పీ ఆపేయండి, లేకపోతే డీవీఆర్ తనంతట తానే ఆ తలుపులు మళ్లీ తెరిపించుకుంటుంది. రౌటర్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. డీవీఆర్ కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించండి. ఇదంతా అయ్యాకే కేబుల్ గుచ్చాలి. ఫోన్‌లో చూసుకోవడానికి ఆ కంపెనీ యాప్ వాడండి.

కొన్ని చవక డీవీఆర్‌లలో దూరం నుంచి లోపలికి వెళ్లే టెల్‌నెట్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలోనే పోతపోసి ఉంటుంది, మీరు తెరమీద ఏది మార్చినా అది మారదు. ఫర్మ్‌వేర్ కూడా దొరకదు. అలాంటిదాన్ని నెట్‌కు తగిలించకుండా దుకాణంలో రికార్డింగ్‌కే వాడుకోండి. కెమెరాలు బిగించేవాళ్లకు మా మనవి: బిల్లు రాసేముందు యజమాని చేత, అతని వేళ్లతోనే, కొత్త పాస్‌వర్డ్ కొట్టించండి. ఐదు నిమిషాల పని.

ప్రశ్న – రాజాం: ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక దుకాణానికి సైట్ చేసిచ్చాను. ‘స్ట్రెసర్’ సైట్లో కొంచెం డబ్బు కడితే సైట్ ఎంత తట్టుకుంటుందో పరీక్షించవచ్చని సీనియర్ చెప్పాడు. పరవాలేదా?

జవాబు: వద్దు. పరీక్ష అన్న పేరు పెట్టుకున్నా, అక్కడ అద్దెకిచ్చేది ఇందాక చెప్పిన డీవీఆర్‌ల లాంటి, యజమానులకు తెలియకుండా చిక్కిన యంత్రాలనే. మీ సైట్ మీదే వదిలినా, వాడింది పరాయివాళ్ల యంత్రాలు. దెబ్బ హోస్టింగ్ వాళ్ల ఇతర ఖాతాదారులకూ తగులుతుంది. 2018 ఏప్రిల్‌లో వెబ్‌స్ట్రెసర్ అనే పెద్ద అద్దె సైట్‌ను పలు దేశాల పోలీసులు మూయించారు. తర్వాత దాంట్లో డబ్బు కట్టినవాళ్ల జాబితా పట్టుకుని వాళ్ల వెంటా పడ్డారు.

సైట్ శక్తి చూడాలంటే జేమీటర్, కే6 లాంటి ఉచిత పనిముట్లున్నాయి. హోస్టింగ్ వాళ్లకు ముందు ఈమెయిల్ రాసి, రాత్రి 2 గంటలకు మీ సొంత యంత్రం నుంచి 5 మందితో మొదలుపెట్టి 10, 20, 40 అని పెంచండి. పేజీ రావడానికి 3 సెకన్లు దాటిన చోట ఆపండి. ఆ అంకెను సైట్ యజమానికి కాగితం మీద రాసివ్వండి. మీరు నేర్చుకోవాల్సింది ఆ అంకె ఏ పేజీ దగ్గర, ఎందుకు వచ్చిందన్నది.

ప్రశ్న – బొబ్బిలి: మా డెలివరీ యాప్ నుంచి ఒక్క రాత్రిలో వేల ఓటీపీలు వెళ్లాయి. సైట్ పడిపోలేదు, కానీ ఎస్ఎంఎస్ బ్యాలెన్స్ సున్నా అయింది. పొద్దున్న నిజం కస్టమర్లకు ఓటీపీ రాలేదు. ఇదీ డీడాసేనా?

జవాబు: దానికి దాయాది. సర్వర్‌ను కాక మీ పర్సును ఖాళీ చేశారు. ఫలితం మాత్రం ఒకటే, కొనేవాడు లోపలికి రాలేకపోయాడు.

ఒక ఫోన్ నంబరుకు 15 నిమిషాల్లో 3 ఓటీపీలకు మించకుండా, ఒక ఐపీకి గంటకు 10కి మించకుండా హద్దు పెట్టండి. ఐపీ హద్దును మరీ బిగించకండి. మొబైల్ నెట్‌లో ఎందరో ఒకే ఐపీ వెనక ఉంటారు, ఒక కాలేజీ హాస్టల్ మొత్తం బయటే నిలబడాల్సి వస్తుంది. ఓటీపీ పంపే బటన్ ముందు క్యాప్చా పెట్టండి. ప్లస్ 91 కాని నంబర్లకు పంపడమే ఆపేయండి. ఎస్ఎంఎస్ సేవలో రోజుకు ఇంత అని హద్దు, అందులో సగం దాటితే మీ ఫోన్‌కు హెచ్చరిక. ఈ చివరిది ఉండి ఉంటే ఆ రాత్రే లేచేవారు. క్లౌడ్‌లో ఆటోస్కేలింగ్ పెట్టుకున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. గరిష్ఠం ఎంతో రాయకపోతే దొంగ రద్దీకి కూడా సర్వర్లు పెరుగుతూ పోతాయి, సైట్ నిలబడుతుంది గానీ నెలాఖరు బిల్లు మిమ్మల్ని పడగొడుతుంది.

ప్రశ్న – నరసన్నపేట: దాడి మధ్యలో ఉండగా కొందరి దగ్గర యూపీఐ డబ్బు కట్ అయింది, మా దగ్గర ఆర్డర్ పడలేదు. ఫోన్లు మీద ఫోన్లు. మోసం చేశారంటున్నారు. ఈ తంటా ఎలా తీర్చుకోవాలి?

జవాబు: సైట్ పోవడం కంటే దీంతోనే ఎక్కువ పేరు పోతుంది. డబ్బు గేట్‌వే (మీ తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సంస్థ) దగ్గర భద్రంగానే ఉంది. చెల్లింపు అందిన సంగతిని గేట్‌వే మీ సర్వర్‌కు వెబ్‌హుక్ అనే సందేశంతో చెబుతుంది. ఆ క్షణంలో మీ సర్వర్ పలకలేదు, అంతే.

రెండు కారణాలుంటాయి. సర్వర్ నిజంగా పడిపోయి ఉండటం ఒకటి. రెండోది మీరే చేసుకున్నది: కవచంలో అండర్ ఎటాక్ మోడ్ వేసినప్పుడు అది గేట్‌వేను కూడా ‘నువ్వు మనిషివేనా’ అని నిలదీస్తుంది. గేట్‌వే యంత్రం కాబట్టి జవాబు చెప్పలేకపోతుంది. అందుకని వెబ్‌హుక్ వచ్చే అడ్రసుకు ఆ పరీక్ష లేకుండా ముందే ఒక మినహాయింపు నియమం రాసి ఉంచండి. ఆ మినహాయింపే చిల్లు కాకుండా, గేట్‌వే ప్రకటించిన ఐపీల నుంచి వచ్చినప్పుడే వర్తించేలా చూడండి. వచ్చిన సందేశం సంతకాన్ని మీ ప్రోగ్రాం సరిచూడాలి. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చినా ఆర్డర్ ఒకటే పడాలి, ఎందుకంటే జవాబు రాకపోతే గేట్‌వేలు మళ్లీ మళ్లీ పంపుతాయి.

సైట్ లేచిన వెంటనే గేట్‌వే డాష్‌బోర్డ్ నుంచి ఆ రోజు చెల్లింపుల జాబితాను దించుకుని మీ ఆర్డర్ల పక్కన పెట్టి పోల్చండి. గేట్‌వే జాబితాలో ఉండి మీ ఆర్డర్లలో లేనివి ఎర్ర సిరాతో గుర్తించండి. వాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకుండా మీరే చేయండి: ‘మీ డబ్బు మాకు అందింది, సరుకు పంపమంటారా, వెనక్కి ఇమ్మంటారా?’ కార్డుతో కట్టినవాళ్లకు రిఫండ్ చేరడానికి 5 నుంచి 7 పనిదినాలు పట్టొచ్చని అప్పుడే చెప్పేయండి. దాడి జరుగుతున్నంతసేపూ వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ మీద ఆర్డర్లు తీసుకోవచ్చు. ఆ నంబరు పార్శిల్ పెట్టెల మీద, బిల్లు మీద ముందే అచ్చువేసి ఉంటే పాత కస్టమర్లు సైట్ లేకపోయినా మీ దగ్గరికి వస్తారు. హోస్టింగ్ వాళ్ల అత్యవసర నంబరు, మీ ఖాతా నంబరు, కవచం సేవ లాగిన్ ఎవరి దగ్గర ఉందో, రిజిస్ట్రార్ ఎవరో ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె మూత లోపల అంటించండి. అవన్నీ సైట్‌తోపాటు పడిపోయే ఈమెయిల్‌లోనే ఉంటే, ఆ రాత్రి వెతుక్కోవడానికే తెల్లారిపోతుంది.